రోజూ తడిపితేనే గట్టి
హవల్లీ గదుల్లో తెలుగు విశ్వాసుల దినచర్య

హవల్లీ (కువైట్): పొట్ట చేత పట్టుకుని ఇంత దూరం వచ్చిన మాలాంటి తెలుగు క్రైస్తవులు వారంలో చర్చికి పోయేది ఒక్క శుక్రవారమే. అదీ డ్యూటీ పడకపోతేనే. మరి మిగతా ఆరు రోజులూ విశ్వాసాన్ని నిలబెట్టేది ఏమిటి? ఎవరైనా అడిగితే మేము చెప్పే జవాబు ఒక్కటే... అలవాటు. చిన్నప్పుడు ఊళ్లో అమ్మానాన్నలు నేర్పిన అలవాట్లనే ఇక్కడి డ్యూటీ టైములకు తగ్గట్టు సర్దుకున్నాం.

ట్యునీస్ స్ట్రీట్‌కు దగ్గర్లో పాత బిల్డింగ్ మాది. రెండు గదుల ఫ్లాట్‌లో ఎనిమిది మందిమి ఉంటాం. ఐదుగురం క్రైస్తవులం, ఇద్దరు హిందూ సోదరులు, ఒకరు రాయచోటి నుంచి వచ్చిన ముస్లిం సోదరుడు. సైటు సూపర్‌వైజర్, షట్టరింగ్ మేస్త్రి, ఏసీ మెకానిక్, డ్రైవర్, బకాలాలో పనిచేసే తమ్ముడు... అందరి టైములూ వేరు. అయినా రోజుకు రెండుసార్లు ప్రార్థన తప్పదు.

అజానే మా అలారం

జూన్ 1 నుంచి ఆగస్టు 31 దాకా ఉదయం 11 నుంచి సాయంత్రం 4 గంటల వరకు ఎండలో పని చేయించకూడదని ఇక్కడి నియమం. దాంతో వేసవిలో సైటు పని చీకటితోనే మొదలవుతుంది. తెల్లవారుజామున అజాన్ వినపడగానే మా ముస్లిం సోదరుడు నమాజుకు లేస్తాడు. అతనితో పాటే మేమూ లేస్తాం. హిందూ సోదరులు స్నానం చేసి దేవుడి పటానికి దండం పెట్టుకుంటారు. బాత్రూం దగ్గర వరుస తప్ప మా మధ్య ఏ పేచీ లేదు.

అంత పొద్దున పెద్ద ప్రార్థన కుదరదు. ఒక కీర్తన చదువుకుని, పరలోక ప్రార్థన చెప్పుకుని, ఆ రోజు స్కఫోల్డింగ్ మీద ఎక్కే వాళ్ల పేర్లు తలుచుకుంటాం. పది నిమిషాలు. పక్కవాళ్ల నిద్ర చెడకుండా మెల్లగా. మొన్నటి దాకా కొవ్వొత్తి పెట్టుకునే అలవాటు ఉన్న పెద్దాయన కూడా 2024 జూన్ 12న మంగఫ్‌లో కార్మికుల బిల్డింగ్ కాలిపోయి దాదాపు 50 మంది చనిపోయాక ఆ అలవాటు మానేశాడు. ఇరుకు గదిలో నిప్పు వద్దన్నాం, ఆయన సరే అన్నాడు.

ఇక్కడ నాలుగున్నర అంటే మన దగ్గర ఏడు గంటలు. పిల్లలు బడికి తయారయ్యే టైము. సైటు బస్సు ఎక్కేలోపు ఇంటికి ఫోన్ కలిపి, ఆ చివర భార్యాపిల్లలు, ఈ చివర మేము, కలిసి ఒక్క ప్రార్థన చేసుకుంటాం. రెండు మూడు నిమిషాలే. కానీ నాన్న గొంతు అంటే డబ్బు పంపిన సంగతి చెప్పే గొంతు మాత్రమే కాకుండా, తమ పేరు పెట్టి ప్రార్థించే గొంతుగా పిల్లలకు గుర్తుంటుంది.

అధ్యాయాల లెక్క

బైబిలు చదవడానికి టైం లేదనే వాళ్లకు మేము ఒక లెక్క చెబుతాం. సామెతల గ్రంథంలో 31 అధ్యాయాలు. తేదీ చూసుకుని రోజుకు ఒకటి చదివితే నెలకు ఒకసారి అయిపోతుంది. కీర్తనలు 150. రోజుకు ఐదు చదివితే నెల రోజులు. కొత్త నిబంధనలో 260 అధ్యాయాలు. వారానికి ఐదు రోజులు, రోజుకు ఒక్కటి చదివినా సరిగ్గా ఏడాదికి పూర్తవుతుంది. మొత్తం బైబిలు 1,189 అధ్యాయాలు. రోజుకు మూడు, నాలుగు చదివితే సంవత్సరంలో ఒడ్డున పడతాం. సైటుకు పోయే బస్సులో గంట ప్రయాణం ఎలాగూ ఉండనే ఉంది.

ఈ పుస్తకం మన భాషలో మన చేతికి రావడానికి తరాలు పట్టింది. 1805లో విశాఖపట్నం వచ్చిన లండన్ మిషన్ వాళ్లు తెలుగు నేర్చుకుని అనువాదం మొదలుపెట్టారు. మొదటి సువార్తలు 1812లో అచ్చయ్యాయి. కొత్త నిబంధన 1818లో, మొత్తం బైబిలు 1854లో వచ్చాయి. ఇప్పుడు జేబులోని ఫోన్‌లోనే ఉంది.

చదువు రాని వాళ్ల సంగతి ఏమిటంటారా? మా షట్టరింగ్ మేస్త్రికి అక్షరం ముక్క రాదు. కానీ మా అందరికంటే ఎక్కువ వాక్యాలు నోటికి వచ్చింది ఆయనకే. వాళ్ల తాతల కాలంలో పొలం పనులు అయ్యాక రాత్రిపూట ఊరి ఉపదేశి ఇంటి ముందు కూర్చోబెట్టి పరలోక ప్రార్థన, పది ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణం, పాటలు నోటితోనే నేర్పించేవాడట. 1912లో దోర్నకల్‌కు బిషప్ అయిన వి.ఎస్. అజరయ్య గారి కాలంలో పల్లె సంఘాలు నిలబడింది ఇలాంటి రాత్రి ప్రార్థనల మీదే. కూలి పని చేసుకునేవాళ్లకు పగలు తీరిక ఉండదని ఆ పెద్దలకు తెలుసు. మాకూ అంతే. రాత్రి అన్నాలయ్యాక అర గంట. ఒకరు చదివితే అందరూ వింటాం.

పిడికెడు బియ్యం

తెలుగు సంఘాల్లో ఆడవాళ్లు తరతరాలుగా చేసే పని ఒకటుంది. ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేస్తారు. ఆదివారం ఆ బియ్యాన్ని గుడికి తీసుకుపోతారు. ఇంట్లో తినడానికే చాలని రోజుల్లో కూడా ఆ పిడికెడు మానరు. మా గదిలో బియ్యం కుండ బదులు పాలపొడి డబ్బా పెట్టాం. వంట వంతు ఎవరిదైతే వాళ్లు వంద ఫిల్సులు అందులో వేస్తారు. సంవత్సరాఖరుకు అందులో పోగయ్యింది చిన్న మొత్తమే. కానీ అకామా పోయి చిక్కుల్లో పడ్డ ఒక తమ్ముడి టికెట్టుకు మొదటి పైసలు ఆ డబ్బాలోంచే తీశాం. అతను క్రైస్తవుడు కాదు. ఎవరూ ఆ మాట అడగలేదు కూడా.

శుక్రవారమే మా ఆదివారం

ఇక్కడ సెలవు శుక్రవారం కాబట్టి ఆరాధనా శుక్రవారమే. ఖిబ్లా ప్రాంతంలోని నేషనల్ ఇవాంజెలికల్ చర్చి ప్రాంగణంలో ఒక్కో హాల్లో గంటల లెక్కన భాషలు మారుతుంటాయి. ఒకరి పాట అయిపోగానే మరొకరి పాట. ఆ చర్చి భవనం 1931 నాటిది. అమెరికన్ మిషన్ డాక్టర్లు 1910ల నుంచి ఇక్కడ ఆసుపత్రి నడిపారు. మిస్సమ్మ డాక్టర్ ఎలినార్ కాల్వర్లీ 1912లో వచ్చి ఆడవాళ్లకు వైద్యం చేశారు. ఆ ఆసుపత్రి 1967లో మూతపడింది. ఆ భవనం ఇప్పుడు మ్యూజియం కేంద్రంగా ఉంది.

ఇళ్లలో పనిచేసే మన అక్కచెల్లెళ్లకు మాత్రం ఈ శుక్రవారం కూడా అందరికీ దొరకదు. 2015 నాటి 68వ నంబర్ చట్టం వాళ్లకు వారానికి ఒక రోజు సెలవు రాసింది. ఆ సెలవు ఇవ్వని ఇళ్లు ఇంకా ఉన్నాయి. అలాంటివాళ్ల కోసం రాత్రి పది దాటాక ఫోన్‌లో ప్రార్థన పెట్టుకుంటాం. వంటగదిలో గిన్నెలు తోముతూనే చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని ఆమేన్ అనే చెల్లెళ్లు ఉన్నారు. వాళ్ల ముందు మా అర గంట ఏపాటిది?

తలుపులు మూసిన రోజులు

అలవాటు విలువ 2020లో తెలిసింది. మార్చిలో మసీదుల్లో, చర్చిల్లో సామూహిక ప్రార్థనలు ఆగిపోయాయి. మే 10 నుంచి 30 దాకా పూర్తి కర్ఫ్యూ. అది అయ్యీ కాకముందే హవల్లీని మిగతా ఊరి నుంచి వేరుచేసి మూసేశారు. పనీ లేదు, జీతమూ లేదు, ఎనిమిది మందిమి రెండు గదుల్లో. శుక్రవారం చర్చి మీదే ఆధారపడ్డ కొందరు చాలా బెంగపడ్డారు. గదిలో రోజూ కూర్చునే అలవాటు ఉన్నవాళ్లకు మాత్రం ఆ అర గంట అలాగే నిలిచింది. ఊళ్లో తండ్రి చనిపోతే పోలేకపోయిన తమ్ముడి పక్కన రాత్రంతా కూర్చుని కీర్తనలు చదివింది ఆ రోజుల్లోనే.

కాంక్రీట్ పని చేసేవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. స్లాబ్ వేశాక రోజూ తడపాలి. ఈ ఎండకు గోనె పట్టాలు కప్పి మరీ తడపాలి. వారం రోజులు ఎండబెట్టి ఒక్కసారే ట్యాంకర్ నీళ్లు కుమ్మరిస్తే పగుళ్లు పూడవు. 28 రోజులకు క్యూబ్ టెస్ట్ పెడితే అసలు సంగతి బయటపడుతుంది. శుక్రవారం ఒక్కటే ట్యాంకర్ లాంటిది. రోజూ పోసే బిందె నీళ్లు వేరు.

ప్రార్థనతో పాటు కాగితం

ఒక్క మాట. ప్రార్థన చేస్తే చాలు, ఇంకేమీ చేయనక్కర్లేదని మేము అనడం లేదు. మాలో ఇద్దరికి ఒక కంపెనీ నాలుగు నెలలు జీతం ఎగ్గొట్టింది. గదిలో ప్రార్థన చేశాం, తెల్లారి కాగితాలు పట్టుకుని షూన్‌కు పోయి ఫిర్యాదు రాయించాం. రెండూ చేశాం. మోకాళ్లు వంచిన తర్వాత లేచి నడవాలి కదా!

అలాగే గదిలో ఒంటరితనం పెరిగినప్పుడు సీసా వైపు చూసే కుర్రాళ్లను వదిలేయకూడదు. 2025 ఆగస్టులో కువైట్‌లో కల్తీ మద్యం తాగి 23 మంది చనిపోయారని ఆరోగ్య శాఖే ప్రకటించింది. కొందరికి చూపు పోయింది. అలాంటి కుర్రాడికి నీతి బోధ చేస్తే వినడు. రాత్రి అన్నానికి పిలవాలి, చాప మీద పక్కన చోటివ్వాలి. పాట పాడినా పాడకపోయినా కూర్చుంటే చాలు. మా గదిలో ఇద్దరు అలాగే నిలదొక్కుకున్నారు.

దానియేలు బబులోనులో రోజుకు మూడుసార్లు ప్రార్థించేవాడని బైబిలు చెబుతుంది. ఆ బబులోను మనకు పైనున్న ఇరాక్‌లోనే ఉంది. అతనూ పరాయి రాజు కొలువులో పనిచేసినవాడే. మనకు వచ్చిన కష్టం కొత్తదేం కాదు.

కొత్తగా వచ్చే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు మేము చెప్పేది ఇదే. పెద్ద నిర్ణయాలు పెట్టుకోవద్దు. గంట ప్రార్థన అనుకుంటే మూడో రోజుకే ఆగిపోతుంది. పది నిమిషాలు, ఒక అధ్యాయం, ఇంటికి ఒక ఫోన్, డబ్బాలో ఒక వంద ఫిల్సులు. తోడుగా ఒక్కరిని చూసుకోండి. మీరు నిద్రపోతే అతను లేపుతాడు, అతను నిద్రపోతే మీరు లేపండి. గదిలో వేరే మతం వాళ్లుంటే వాళ్ల ప్రార్థనకూ చోటివ్వండి, రంజాన్ నెలలో పగలు వాళ్ల ముందు తినకండి. కాంట్రాక్టు ముగిసి ఊరికి పోయేనాడు పెట్టెలో బంగారం ఎంత ఉన్నా, ఈ అలవాటును మాత్రం కస్టమ్స్‌లో ఎవరూ ఆపరు.