కొట్టంలో జావాకు చింతపండు స్నానం

వాడకుండా, పారేయకుండా ఒక మూలన పడి ఉండే సామాను మీ ఇంట్లోనూ ఏదో ఒకటి ఉండే ఉంటుంది. మా ఇంట్లో అది ఒక మోటారు సైకిలు. మా మామగారు 1971లో కొన్న జావా. ఆయన పోయాక దాన్ని పశువుల కొట్టంలో పెట్టి, మీద గోనెసంచులు కప్పేశాం. తర్వాత కరువులో పశువులనూ అమ్ముకున్నాం. కొట్టంలో బండి ఒక్కటే మిగిలింది.

పోయిన వేసవిలో బెంగుళూరు నుంచి ఒకాయన వచ్చి ఉన్నది ఉన్నట్టుగా ముప్ఫై వేలిస్తానన్నాడు. మావారు సరేననబోయారు. మా తోటలో రెండు బోర్లు ఎండిపోయాయి, మూడోది వేయించాలని ఆయన ఆరాటం. అనంతపురం జిల్లా ఆడవాళ్ళకు బోరు సంగతి నేను వేరే చెప్పాలా? నీళ్ళు పడితే పడ్డట్టు, లేకుంటే అప్పు మిగిలినట్టు.

నేను అడ్డం పడ్డాను. "మూడు నెలలు గడువివ్వండి, నా చీటీ డబ్బు పన్నెండు వేలు పెట్టి నడిచేట్టు చేయిస్తాను. అప్పుడు అమ్మినా ఎక్కువ వస్తుంది" అన్నాను. "నీకు స్కూటీ స్టాండు వేయడమే రాదు" అని మావారు నవ్వారు. ఆ మాటకు కోపమొచ్చే మొదలుపెట్టానని ఒప్పుకుంటాను.

జావా అంటే చెకోస్లొవాకియా కంపెనీ పేరు. మన దేశంలో ఐడియల్ జావా అనే కంపెనీ 1961 నుంచి మైసూరులో వీటిని తయారు చేసింది. తర్వాత అదే బండి యెజ్డీ పేరుతో వచ్చింది. 1996లో ఆ ఫ్యాక్టరీ మూతపడింది. 2018లో జావా పేరుతో మళ్ళీ కొత్త బండ్లు వచ్చాయి గానీ, వాటి సామాన్లు దీనికి సరిపోవు. పాత సామాన్లు కావాలంటే బెంగుళూరు జె.సి. రోడ్డు లాంటి చోట్ల వెతుక్కోవాల్సిందే.

గోనెసంచులు తీసి చూస్తే నాకు ఆశ్చర్యమేసింది. అన్నేళ్ళు పడి ఉన్నా ఇనుము పెద్దగా తినలేదు. మన జిల్లాలో ఏడాది మొత్తానికి పడే వాన దాదాపు 550 మిల్లీమీటర్లు. గాలిలో తడి తక్కువ కాబట్టి తుప్పు నెమ్మదిగా పడుతుంది. కరువు మాకు చేసిన మేలు ఇదొక్కటే అనుకుంటాను! అయితే ఆ ఎండే రబ్బరును చంపేసింది. టైర్లు బీటలు వారాయి, పెట్రోలు పైపు ముట్టుకుంటే అప్పడంలా విరిగింది.

మొదటి పని బండి దగ్గర కాదు, ట్రంకుపెట్టెలో. ఆర్‌సీ పుస్తకం వెతకండి. అందులోని ఇంజను నెంబరు, ఛాసిస్ నెంబరు బండి మీదున్న వాటితో సరిపోవాలి. అది తేలకుండా రూపాయి కూడా ఖర్చు పెట్టకండి. మా పుస్తకం అత్తమ్మ పట్టుచీరల అడుగున దొరికింది.

తర్వాత విప్పడం. విప్పే ముందు మా అమ్మాయి ఫోనులో ప్రతి భాగానికీ ఫోటో తీసింది. బోల్టులు ఎక్కడివి అక్కడికి రావాలి కదా, పాత పోపుల డబ్బా తెచ్చి ఒక్కో గిన్నెలో ఒక్కో భాగం బోల్టులు వేసి చీటీ అతికించాను. జీలకర్ర గిన్నెలో వెనక చక్రం, మెంతుల గిన్నెలో హెడ్‌లైటు.

ఇక మనకు తెలిసిన విద్యకు వద్దాం. ఇత్తడి బిందె తోమే చింతపండు ఇనుప తుప్పు మీదా పనిచేస్తుంది. దాని పులుపే తుప్పును కరిగించేది. స్టాండు, ఫుట్‌రెస్టులు చింతపండు గుజ్జు పట్టించి గంటసేపు ఉంచి తోమాను. కడిగిన వెంటనే తుడిచి నూనె రాయాలి, లేకుంటే సాయంత్రానికే మళ్ళీ తుప్పు ఎక్కుతుంది. మెరిసే క్రోము భాగాలకు చపాతీలు చుట్టే వెండి కాగితం చాలు. నీళ్ళలో ముంచి మెల్లగా రుద్దితే చుక్కలు చుక్కలుగా ఉన్న తుప్పు వదులుతుంది. హ్యాండిలు అలాగే బాగుపడింది.

పెట్రోలు ట్యాంకు లోపలికి చెయ్యి పోదు. దానికి నిమ్మ ఉప్పు. పాత పెట్రోలు అంతా వంచేసి, సబ్బునీళ్ళతో కడిగి, లీటరు వేణ్ణీళ్ళకు 50 గ్రాముల లెక్కన కలిపి నిండా పోసి రాత్రంతా ఉంచాను. పొద్దున కాఫీ డికాషన్ లాంటి నీళ్ళు దిగాయి. తర్వాత తినే సోడా కలిపిన నీళ్ళతో, ఆపైన మంచినీళ్ళతో కడిగి, మన ఎండలో ఆరబెట్టి, లోపల అంతా తడిసేలా ఆయిలు తిప్పాను. ఇదంతా ఆరుబయట చేయండి. పెట్రోలు వాసన ఉన్న ట్యాంకును పొయ్యి ఉన్న చోటికీ, దేవుడి దీపం దగ్గరకూ తేవద్దు.

ఇంతవరకూ బాగానే చేశాను. అప్పుడే నా బుద్ధి గడ్డి తిన్నది. ట్యాంకు పైన కూడా మెరవాలని అంట్లు తోమే స్టీలు పీచుతో రుద్దాను. మట్టితోపాటు ఫ్యాక్టరీలో వేసిన బంగారు గీత కూడా ఒకవైపు లేచిపోయింది. అత్తమ్మ ఏమీ అనలేదు, గీత ఉన్న రెండో వైపు చేత్తో తడిమి లోపలికి వెళ్ళిపోయింది. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. మరునాడు కళ్యాణదుర్గం నుంచి వచ్చిన మేస్త్రీ చూసి, "కొత్త రంగు ఎవడైనా కొడతాడమ్మా, ఇది మాత్రం మళ్ళీ రాదు. మిగిలిన వైపు మెత్తటి గుడ్డ, కాస్త మైనం, అంతే" అన్నాడు. అప్పటినుంచి పీచు ముట్టలేదు. సోకులు చేయాలనే ఆశ కూడా పోయింది. రెండో వైపు వెలిసిపోయిన రంగు అలాగే ఉంచాం.

ఇంజను పని మాత్రం మనం చేయగలిగింది కాదు. మేస్త్రీ ఉండాల్సిందే, అదీ ఈ బండ్లు తెలిసినవాడు. పిస్టన్ బిగుసుకుపోయి ఉంటే ప్లగ్గు విప్పి ఆ రంధ్రంలో డీజిలు, ఆయిలు కలిపి పోసి నాలుగు రోజులు వదిలేశాడు. ఐదోనాడు కదిలింది. కార్బ్యురేటర్ శుభ్రం చేశాడు, పాయింట్లు అరగదీశాడు. పైపులు, టైర్లు, బ్యాటరీ కొత్తవి వేశాం. ఇది ఆరు వోల్టుల బండి, ఇప్పటి బండ్ల పన్నెండు వోల్టుల బ్యాటరీ పనికిరాదు. నా పన్నెండు వేలు టైర్లతోనే సగమైపోయాయి, చివరికి పదహారు దాటింది. ఆ నాలుగు వేలు మావారే ఇచ్చారు, అడగకుండానే.

ఈ బండికి ఆయిలు పెట్రోలులోనే కలపాలి. మా మేస్త్రీ లెక్క లీటరుకు 40 మిల్లీలీటర్లు. మరచిపోతే పిస్టన్ మళ్ళీ పట్టేస్తుంది. ఇప్పటి పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది, అది పాత రబ్బరుకు పడదు, తడినీ లాగుతుంది. నెలల తరబడి నడపకపోతే ట్యాంకు ఖాళీ చేసి పెట్టమన్నాడు.

జావాకు కిక్కు, గేరు రెండూ ఒకటే కడ్డీ. తెలియనివాళ్ళు కిక్కు ఎక్కడుందని వెతుక్కుంటారు. వినాయక చవితి ముందురోజు మావారు ఆ కడ్డీని పైకి తిప్పి తొక్కారు. పది, పదిహేనుసార్లు. తర్వాత ఒక్కసారిగా తెల్లపొగ, డుబుడుబుమని చప్పుడు. వంటింట్లోంచి అత్తమ్మ తడిచేతులతోనే పరిగెత్తుకొచ్చింది. "వచ్చినాడనుకుంటినే" అంది. మేమెవరమూ మాట్లాడలేదు.

ఇప్పుడు కాగితాల పని. మా ఆర్‌సీ గడువు ఎప్పుడో తీరింది. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్ళు దాటి, అసలు రూపంలో ఉన్న బండిని వింటేజ్ వాహనంగా రిజిస్టరు చేసుకోవచ్చు. ఫీజు 20 వేలు, పదేళ్ళు చెల్లుతుంది. అయితే ప్రదర్శనలకూ ర్యాలీలకూ తప్ప రోజూ తిరగడానికి కుదరదు. మావారికేమో దాని మీద తోటకు పోవాలని ఉంది. అందుకే మామూలు రెన్యువల్‌కే తిరుగుతున్నాం. మీరైతే ముందు ఆర్టీవో ఆఫీసులో రెండింటి ఖర్చూ కనుక్కోండి.

బోరు సంగతి ఇంకా తేలలేదు. మొన్న బెంగుళూరాయన మళ్ళీ ఫోను చేశాడు. గీత పోయిందని చెప్పినా యాభై ఐదు వేలన్నాడు. మావారు "మా ఇంటావిణ్ణి అడగండి" అని ఫోను నా చేతికిచ్చారు. పిండి చేతులతో పట్టుకుని, ఆర్‌సీ పని కానివ్వండి, తర్వాత చెప్తాను అన్నాను.