కెమెరాలో అద్దం ఏమైంది?

ఈసారి పెళ్ళికి వెళ్ళినప్పుడు, తలంబ్రాలు పోసే వేళ, మీ చూపు వధూవరుల మీద కాకుండా ఫోటోగ్రాఫర్ మీద ఉంచండి. కెమెరా కంటికి ఆనించి, ఊపిరి బిగబట్టి, మీట నొక్కుతాడు. 'ఠక్'మని చప్పుడవుతుంది. ఆ చప్పుడు దేనిది? ఫోటో తీసిన చప్పుడు అంటారు మీరు. నిజానికి అందులో ఎక్కువ భాగం ఒక చిన్న అద్దానిది. కెమెరా లోపల అది గబుక్కున పైకి లేచి, మళ్ళీ కిందికి దిగుతుంది. ఈమధ్య కొందరి చేతుల్లో ఆ చప్పుడు లేని కెమెరాలు కనిపిస్తున్నాయి. వాటిలో ఆ అద్దమే లేదు!

మా పెద్దపల్లిలో నా దగ్గర చదువుకున్న కుర్రవాడు ఒకడున్నాడు. పదో తరగతిలో నేను కాంతి పాఠం చెబుతుంటే కిటికీలోంచి బయటికి చూసేవాడు. ఇప్పుడు ఆ కాంతి మీదే బతుకుతున్నాడు, పెళ్ళిళ్ళకు ఫోటోలు తీస్తూ. ఒక ఆదివారం రెండు కెమెరాలు సంచిలో వేసుకుని మా ఇంటికి వచ్చాడు. ఒకటి తన పాతది, నికాన్ డి4. వృత్తి ఫోటోగ్రాఫర్ల కోసం 2012లో వచ్చిన డీఎస్ఎల్ఆర్ అది. రెండోది స్నేహితుని దగ్గర అడిగి తెచ్చినది, నికాన్ జెడ్6. 2018లో వచ్చిన మిర్రర్‌లెస్, అంటే అద్దం లేని కెమెరా.

"సార్, ఇది అమ్మి, ఇంకిన్ని పైసలు అప్పు తెచ్చి అది కొనుక్కుందామనుకుంటున్న. మీరేమంటరు?"

"అమ్ముడు సంగతి తర్వాత. రేపు రెండింటినీ బడికి పట్టుకరా, పిల్లలతోని చూద్దాం" అన్నాను.

మరునాడు ముందుగా మా ప్రయోగశాల త్రాసులో రెండింటినీ తూచాము. కటకం తీసేసి, బ్యాటరీ, కార్డు ఉంచి తూస్తే పాతది సుమారు 1340 గ్రాములు, కొత్తది 675 గ్రాములు. దాదాపు సగం! ఆ మిగతా సగం ఏమైనట్లు? పాతదానికి కింద అదనపు పట్టు ఉంది, పెద్ద బ్యాటరీ ఉంది, ఒళ్ళంతా దళసరి లోహం. అయినా అసలు గుట్టు లోపలే ఉంది. కటకం బిగించే వలయం నుండి కాంతిని పట్టే సంవేదకం వరకు పాత కెమెరాలో 46.5 మిల్లీమీటర్ల దూరం ఉంటుంది. కొత్తదానిలో 16 మిల్లీమీటర్లే. మధ్యనున్న 30 మిల్లీమీటర్ల చోటు అద్దం నివాసం. సంవేదకం 36 మిల్లీమీటర్ల వెడల్పు, 24 మిల్లీమీటర్ల ఎత్తు. అంత బొమ్మను పైకి మళ్ళించే అద్దం 45 డిగ్రీలు వాలి నిలబడాలి, తలుపులాగా లేచి దిగాలి. చోటు లేకపోతే ఎలా?

అసలు అద్దం ఎందుకు పెట్టారో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి. మన హైదరాబాదు ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ దగ్గర లాలా దీన్ దయాళ్ అనే గొప్ప ఆస్థాన ఫోటోగ్రాఫర్ ఉండేవాడు. నిజాం ఆయనకు 'రాజా' బిరుదు, 'ముసవ్విర్ జంగ్' బిరుదు ఇచ్చాడు. సికింద్రాబాదులో ఆయన స్టూడియో ఉండేది. ఆ కాలపు పెట్టె కెమెరాలలో అద్దం లేదు. ముందు కటకం, వెనక గరుకు గాజుపలక. ఫోటోగ్రాఫర్ నల్లగుడ్డ కప్పుకుని ఆ పలక మీద పడే బొమ్మను చూసేవాడు. కుంభాకార కటకం ఏర్పరచే నిజ ప్రతిబింబం తలకిందులుగా ఉంటుందని మీకు తెలుసు. నవాబుగారు సింహాసనంతో సహా తలకిందులుగా కనిపించేవారన్నమాట! అది కాదు అసలు చిక్కు. బొమ్మ స్ఫుటంగా కుదిరాక గాజుపలక తీసేసి, దాని చోట మందు పూసిన ప్లేటు పెట్టాలి. ఇక అప్పటినుండి ఫోటోగ్రాఫర్‌కు ఏమీ కనిపించదు. ఎదురుగా ఉన్నవారు కదలకుండా ఉన్నారని నమ్మి మూత తీయవలసిందే.

ఈ గుడ్డితనాన్ని పోగొట్టడానికే అద్దం వచ్చింది. కటకానికీ ఫిల్ముకూ నడుమ సమతల దర్పణాన్ని 45 డిగ్రీల కోణంలో నిలబెట్టారు. కాంతి దానిమీద పరావర్తనం చెంది పైకి మళ్ళి, అక్కడి గరుకు గాజు మీద బొమ్మ కడుతుంది. మీట నొక్కితే అద్దం పక్కకు తప్పుకుంటుంది, కాంతి ఫిల్ము మీద పడుతుంది. 1861లోనే ఇంగ్లండులో థామస్ సటన్ ఈ ఆలోచనకు పేటెంటు పొందాడు. కాని పైనుంచి చూస్తే ఆ బొమ్మలో కుడి ఎడమలు తారుమారుగా ఉండేవి. ఎడమకు పరుగెత్తే పిల్లవాడిని పట్టుకోవాలంటే కెమెరాను తప్పు దిక్కుకు తిప్పుతాము! 1949లో జర్మనీలో తయారైన కాంటాక్స్ ఎస్ కెమెరా నెత్తిమీద ఐదు ముఖాల గాజు పట్టకాన్ని పెట్టి ఈ తారుమారును సరిదిద్దారు. డీఎస్ఎల్ఆర్ నెత్తిన గోపురంలా కనిపించేది ఆ పట్టకం ఇల్లే. తరువాత ఫిల్ము పోయి దాని చోట సంవేదకం వచ్చింది. 1975లో కొడాక్ కంపెనీ ఇంజనీరు స్టీవెన్ సాసన్ చేసిన మొదటి డిజిటల్ కెమెరా ఒక బొమ్మను క్యాసెట్టు టేపు మీద రాయడానికి 23 సెకన్లు తీసుకునేది. ఆ కథ మరోసారి చెప్పుకుందాం. ఫిల్ము పోయినా అద్దం మాత్రం అలాగే ఉండిపోయింది.

డి4ను పిల్లల చేతికిచ్చి సెకనుకు 10 ఫోటోల చొప్పున తీయమన్నాను. చెవికి యంత్రం తుపాకీలా వినిపించింది, చేతికి దడ తెలిసింది. ఒక్క సెకనులో అద్దం పదిసార్లు లేచి పదిసార్లు దిగింది! ఈ కెమెరా షట్టరును 4 లక్షల సార్లు కొట్టించి పరీక్షించారట. ఇంత చిన్న చోట ఇంత ఓర్పుగల యంత్రాన్ని అమర్చిన మనుషుల పనితనానికి నేనైతే దండం పెడతాను.

అప్పుడు తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె కంటిని కెమెరాకు ఆనించి, "సార్, ఫోటో దిగేటప్పుడు చీకటైతుంది!" అన్నది.

ఎంత మంచి పరిశీలనో చూడండి. అద్దం పైకి లేచినప్పుడు కంటికి వచ్చే కాంతి ఆగిపోతుంది. అంటే, అద్దం కెమెరాతో ఫోటో తీసేవాడు ముందు క్షణాన్ని చూస్తాడు, తరువాతి క్షణాన్ని చూస్తాడు, తాను పట్టుకున్న క్షణాన్ని మాత్రం చూడడు! దీన్ దయాళ్ కాలపు గుడ్డితనాన్ని అద్దం సెకనులో చిన్న ముక్కకు తగ్గించగలిగింది. పూర్తిగా పోగొట్టలేకపోయింది.

మిర్రర్‌లెస్‌లో కాంతి తిన్నగా సంవేదకం మీద పడుతూనే ఉంటుంది. అది చూసినదాన్ని కెమెరా విద్యుత్ సంకేతాలుగా మార్చి, కన్ను పెట్టే చోటనున్న చిన్న తెర మీద బొమ్మగా చూపుతుంది. ఇందులో పెద్ద లాభముంది. వెలుగు ఎక్కువైందో తక్కువైందో మీట నొక్కకముందే తెలిసిపోతుంది. మసక చీకటిలో కూడా తెర వెలుగు పెంచి చూపగలదు. మరి నష్టం? డి4లో మీ కంటికి చేరేది చెరువుగట్టు మీది పిట్టను తాకివచ్చిన అసలు కాంతి. 30 మీటర్ల దూరం నుండి రావడానికి దానికి సెకనులో కోటివ వంతు చాలు. జెడ్6 తెర సెకనుకు 60 సార్లు మారుతుంది. సెకనుకు 10 మీటర్ల వేగంతో పోయే పిట్ట ఒక బొమ్మకూ మరో బొమ్మకూ మధ్య 16 సెంటీమీటర్లకు పైగా జరిగిపోతుంది. అంటే మీరు చూసేది కాస్త పాతబడిన పిట్టను! తరువాత వచ్చిన ఖరీదైన కెమెరాలలో ఈ ఆలస్యాన్ని బాగా తగ్గించారు.

బొమ్మను స్ఫుటంగా కుదర్చడంలో మాత్రం కొత్తదే గెలిచింది. పాతదానిలో పెద్ద అద్దం వెనక ఇంకో బుల్లి అద్దం ఉంటుంది. అది కొంత కాంతిని కిందికి, దూరం కొలిచే వేరే పరికరానికి పంపుతుంది. కొలిచేది ఒకచోట, బొమ్మ పడేది మరొకచోట. ఈ రెండు దూరాలలో వెంట్రుకంత తేడా వచ్చినా పెళ్ళికూతురు కన్ను మసకగా, చెవికమ్మ స్పష్టంగా వస్తుంది. డి4లో కొలిచే బిందువులు 51. అవి కూడా నడిమికే గుమిగూడి ఉంటాయి. జెడ్6లో బొమ్మ పడే సంవేదకమే దూరమూ కొలుస్తుంది. 273 బిందువులు ఫ్రేములో దాదాపు అంతటా పరచుకుని ఉన్నాయి. మనిషి కన్నెక్కడుందో కూడా కనిపెడుతుంది.

బ్యాటరీ సంగతి తలకిందులు. ప్రామాణిక పరీక్షలో డి4 ఒక చార్జికి 2600 ఫోటోలు తీస్తుంది, జెడ్6 310. వాడకంలో ఇంతకన్నా ఎక్కువే వస్తాయంటాడు మావాడు. అయినా సంవేదకమూ తెరా ఎప్పుడూ మేలుకొని ఉండాలంటే కరెంటు కావద్దూ! దుమ్ము బెడద ఇంకొకటి. కటకం మార్చేటప్పుడు పాతదానిలో అద్దమూ షట్టరూ సంవేదకానికి తలుపుల్లా అడ్డముంటాయి. కొత్తదానిలో అది నగ్నంగా ఎదురుగా కనిపిస్తుంది. సుల్తానాబాద్ బియ్యం మిల్లుల దగ్గరో, గోదావరిఖని బొగ్గు దారుల్లోనో కటకం మార్చేవాడు ఈ సంగతి మరచిపోరాదు.

ఇక మావాడికి నిద్ర పట్టకుండా చేసిన విషయానికి వస్తాను. అంతకు వారం ముందు ఒక పెళ్ళిలో జెడ్6ను వాడి చూశాడట. పంతులుగారి మంత్రాలకు అడ్డు రాకూడదని చప్పుడు లేని పద్ధతి పెట్టాడు. ఇంటికి వచ్చి చూస్తే జీలకర్ర బెల్లం ఫోటోల నిండా అడ్డంగా నల్లటి పట్టీలు! పెళ్ళి మళ్ళీ చేయించలేరు కదా. "కెమెరా ఖరాబున్నదా సార్?" అని అడిగాడు. ఆ ఫోటో ఒకటి పిల్లలకు చూపి పట్టీలు లెక్కించమన్నాను. ఐదు.

మన ఇళ్ళకు వచ్చే కరెంటు సెకనుకు 50 ఆవర్తనాలు చేస్తుంది. ప్రతి ఆవర్తనంలో ప్రవాహం రెండుసార్లు శిఖరానికి చేరుతుంది. కనుక చవకరకం ఎల్ఈడీ దీపాలు సెకనుకు 100 సార్లు వెలుగు తగ్గి హెచ్చుతుంటాయి. మన కన్ను దాన్ని పట్టలేదు. చప్పుడు లేని పద్ధతిలో ఈ కెమెరాకు తెర షట్టరు ఉండదు. సంవేదకంలోని వరుసలను పైనుండి కిందికి ఒకదాని తరువాత ఒకటిగా చదువుకుంటూ పోతుంది. చదువుతుండగా దీపం మసకబారితే ఆ వరుసలు నల్లగా, వెలిగితే తెల్లగా వస్తాయి. ఐదు పట్టీలంటే దీపం ఐదుసార్లు మినుకుమన్నది. ఐదును నూరుతో భాగిస్తే సెకనులో 20వ వంతు. కెమెరా ఒక బొమ్మను చదవడానికి తీసుకున్న కాలం అది! ఖరీదైన పరికరం ఏదీ లేకుండా, చెడిపోయిన పెళ్ళి ఫోటోతో మా పిల్లలు దీన్ని కొలిచారు.

అదే పద్ధతిలో, మా ఊరి రైల్వే గేటు ఇవతల దూరంగా నిలబడి, ఆగకుండా పోయే బండిని తీశాము. పెట్టెల తలుపులన్నీ గాలికి వంగిన జొన్నకర్రల్లా ఏటవాలుగా వచ్చాయి. పక్కనున్న స్తంభం నిటారుగానే ఉంది. గంటకు 90 కిలోమీటర్లంటే సెకనుకు 25 మీటర్లు. పై వరుస చదివి కింది వరుసకు వచ్చేలోగా, 20వ వంతు సెకనులో, రైలు ఒకటింబావు మీటరు జరిగిపోయింది. డి4లో తెర షట్టరు మొత్తం దాటడానికి సుమారు 250వ వంతు సెకను చాలు. ఆ వ్యవధిలో రైలు జరిగేది 10 సెంటీమీటర్లే. 2021లో వచ్చిన నికాన్ జెడ్9 సంవేదకం దాదాపు అంత వేగంగానూ చదువుతుంది. అందుకే దానిలో తెర షట్టరునే తీసేశారు. దాని ధర మాత్రం మావాడికి అందేది కాదు.

కెమెరా ఖరాబు కాలేదని వాడికి తెలిసింది. జెడ్6లోనూ తెర షట్టరు ఉంది, దీపాల కింద దాన్నే వాడుకోవాలి.

ఒక సందేహం మిగిలింది. డి4 బొమ్మలో ఉండే చుక్కలు ఒక కోటి 62 లక్షలు, జెడ్6లో 2 కోట్ల 45 లక్షలు. "ఆల్బంలో తేడా తెలుస్తదా సార్?" అన్నాడు. ఆల్బం పుట 18 అంగుళాల పొడవనుకుందాం. డి4 బొమ్మ పొడవునా 4928 చుక్కలు, అంటే అంగుళానికి 273. ఆరోగ్యమైన కన్ను డిగ్రీలో 60వ వంతు కోణాన్ని వేరుచేసి చూడగలదు. 40 సెంటీమీటర్ల దూరం నుండి చూస్తే అది అంగుళానికి 220 చుక్కల లోపే. లెక్క మీరే వేసి చూడండి. ఒళ్ళో పెట్టుకుని తిరగేసే ఆల్బంలో అత్తగారైనా, ఆడపడుచైనా ఆ తేడా కనిపెట్టలేరు.

మావాడు డి4ను అమ్మలేదు. అప్పు మాట కూడా మానుకున్నాడు. పెళ్ళిళ్ళ కాలం గడిచాక, కూడబెట్టిన డబ్బుతో ఎవరో వాడిన జెడ్6ను, పాత కటకాలను దానికి తగిలించే అడాప్టరునూ కొనుక్కున్నాడు. ఆ 30 మిల్లీమీటర్ల చోటును నింపే బోలు గొట్టమే అడాప్టరు. లోపల గాజు లేదు. పొద్దంతా సాగే బారాతులకు, దుమ్ములో పనికి డి4 వెళుతుంది. మంటపం దగ్గర జెడ్6 ఉంటుంది.

ఇప్పుడు మీ వంతు. మీ ఇంట్లోని ఫోనులో కూడా అద్దం లేదు, తెర షట్టరు లేదు. చవకరకం ఎల్ఈడీ బల్బుకు బాగా దగ్గరగా, వెలుగు పడుతున్న తెల్లని గోడను తీసి చూడండి. వెలుగు ఎంత ఎక్కువైతే పట్టీలు అంత స్పష్టంగా వస్తాయి. కొన్ని మంచి బల్బుల కింద అసలు రావు, అప్పుడు బల్బు మార్చి చూడండి. చీకటి కనిపెట్టిన ఆ తొమ్మిదో తరగతి అమ్మాయి వాళ్ళ నాన్న ఫోనుతో తీసి మూడు పట్టీలు లెక్కపెట్టింది. ఆ ఫోను ఒక బొమ్మను ఎంతసేపట్లో చదివినట్లు?