మోకాలికి రెండంగుళముల చోటు

గుంటూరు, ప్రకాశం మైదానములలో మోటారు సైకిలు విలాసవస్తువు కాదు. ప్రొద్దున మిరపచేనికి, మధ్యాహ్నము పత్తి కొట్టునకు, అవసరమైన నాడు గుంటూరు మిర్చి యార్డునకు అదియే వాహనము. చిలకలూరిపేట, మార్టూరు, మేదరమెట్ల మీదుగా ఒంగోలు పోవు 16వ జాతీయ రహదారి నున్నగా నుండును. దానిని విడిచి డొంకలో దిగితిమా, నల్లరేగడి తన గుణము చూపును. ఆ నేల వానకు ఉబ్బును, ఎండకు బీటలు వారును. కనుకనే గతుకుల కోర్చు ఎత్తైన బండ్లను పలువురు కోరుదురు. 2016లో వచ్చిన రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 411 అట్టివానిలో నొకటి. 2023లో హిమాలయన్ 450 వచ్చినను, పాతవి నేటికిని తిరుగుచున్నవి.

దాని సీటు ఎత్తు 800 మిల్లీమీటర్లు. నడితరపు పొడవువారికి అది అనుకూలమే. కాళ్లు పొడుగైనవారికి సీటునకు, ఫుట్‌రెస్టునకు నడుమ చోటు చాలదు. మోకాలు మిక్కిలి మడచి గంటల తరబడి కూర్చున్నచో మోకాలిచిప్ప వెనుక ఒత్తిడి హెచ్చును. గతుకులలో లేచి నిలువవలసి వచ్చినప్పుడు హ్యాండిలు క్రిందుగా నున్నట్లు తోచి, నడుము వంగును.

ఇందులకు రెండు మార్గములు గలవు. సీటు పెంచుట యొకటి. అప్పుడు కాలు నేలకు అందుట కష్టమగును. ఫుట్‌రెస్టును దించుట రెండవది. ఒక అంగుళము దించినచో మోకాలు సుమారు 3, 4 డిగ్రీలు విప్పారును. చూచుటకు స్వల్పమే గాని, నూరు మైళ్ల ప్రయాణములో దాని విలువ తెలియును. ఖర్చు పెట్టుటకు ముందు ఒక పరీక్ష చేయవచ్చును. మందపు దుప్పటిని మడచి సీటుపై గట్టిగా కట్టి, తిన్నని దారిలో కొంతదూరము పోయి చూడవలెను. మోకాలు తేలికపడినచో ఫుట్‌రెస్టు దించుట వలనను మేలు కలుగును.

అయితే ఈ పనిలో అపాయము లేకపోలేదు. ఫుట్‌రెస్టు దిగినకొలది మలుపులో బండి వాలుటకు వీలు తగ్గును. అంగుళమునకు 2, 3 డిగ్రీలు పోవునని లెక్క. ఒకమారు మేమును ఎండిన బండిజాడలో పోవుచు దించిన ఫుట్‌రెస్టును గట్టున తగిలించితిమి. అది స్ప్రింగుపై మడతపడినందున కాలు దక్కినది. బిగించి అతికిన ఇనుపముక్క యైనచో బండి పడియుండెడిది. కావున మడతపడు ఏర్పాటును ఎన్నడును తీసివేయరాదు.

బ్రేకు పెడలును, గేరు లివరును ఫుట్‌రెస్టుతో పాటు దించవలెను. లేనిచో అత్యవసరమున పాదము పైకెత్తి బ్రేకు వెదకవలసి వచ్చును. పెడలు దించిన పిమ్మట బ్రేకు లైటు సకాలమున వెలుగుచున్నదో లేదో, పెడలు వదలినప్పుడు చక్రము స్వేచ్ఛగా తిరుగుచున్నదో లేదో చూడవలెను. దించెడి బ్రాకెట్టు మనిషి బరువును మోయవలెను. అందుచే గట్టి ఉక్కు బోల్టులే వాడవలెను. నూరు కిలోమీటర్లు తిరిగిన పిదప వానిని మరల బిగించి చూడవలెను.

మా అభిప్రాయమున ఒక అంగుళముతో ఆరంభించుట మేలు. అది చాలనిచో, మిగిలినదానిని సీటు నురుగుతో పూరింపవచ్చును. కోరిన రెండంగుళములను ఒక్కచోటనే రాబట్టుటకంటె, రెండుచోట్ల పంచుకొనుటయే క్షేమము.