మీకు తెలుసా? వెనక బ్రేకు పిస్టన్‌ను తిప్పుతూ నొక్కాలి
కారు వెనక డిస్క్ బ్రేకు ప్యాడ్లు మార్చేటప్పుడు చాలా మోడళ్లలో క్యాలిపర్ పిస్టన్‌ను నేరుగా లోపలికి నొక్కకూడదు. హ్యాండ్ బ్రేకు యంత్రాంగం ఆ పిస్టన్ లోపలే మరతో అమరి ఉంటుంది. అందుకే తగిన పనిముట్టుతో తిప్పుతూ నొక్కాలి. బలవంతం చేస్తే మర దెబ్బతిని క్యాలిపరే మార్చాల్సి వస్తుంది. స్విచ్చుతో పనిచేసే ఎలక్ట్రానిక్ పార్కింగ్ బ్రేకైతే ముందు సర్వీస్ మోడ్‌లో పెట్టాలి.

సాలూరు మీదుగా ఒడిశా వెళ్లే ఘాట్ రోడ్డులాంటి చోట్ల, దిగేటప్పుడు ప్యాడ్లు త్వరగా అరుగుతాయి. అరిగినది ఒక వైపే అయినా రెండు చక్రాలకూ కలిపే మార్చాలి. పిస్టన్ వెనక్కి వెళ్లేకొద్దీ రిజర్వాయర్‌లో బ్రేకు ఆయిల్ మట్టం పెరుగుతుంది. పొంగి మీద పడితే కారు పెయింటు పాడవుతుంది. అన్నిటికంటే ముఖ్యం, బండి కదిపేముందు పెడల్ గట్టిపడేదాకా పలుమార్లు తొక్కడం. లేకపోతే మొదటి తొక్కుకు బ్రేకు పడదు.