సగంలో ఆగే ఐటీఐ చదువు

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల్లో పదో తరగతి తరువాత ఐటీఐలో చేరిన పిల్లల్లో చాలామందికి మొదటి ఏడాది గడిచీ గడవకముందే, చదువు కొనసాగించాలా లేక మానేసి సంపాదనలో పడాలా అన్న ప్రశ్న ఎదురవుతుంది. ఐటీఐ, అంటే పారిశ్రామిక శిక్షణ సంస్థ, 1950లో కేంద్ర ప్రభుత్వం ఆరంభించిన శిక్షణ పథకం కింద ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ వంటి ట్రేడ్లను రెండేళ్లు, వెల్డర్, డీజిల్ మెకానిక్ వంటి వాటిని ఏడాది నేర్పుతుంది. చివరన అఖిల భారత ట్రేడ్ పరీక్ష నెగ్గినవారికి మాత్రమే జాతీయ ట్రేడ్ సర్టిఫికెట్ దక్కుతుంది కనుక, రెండేళ్ల కోర్సును ఏడాదికే వదిలినవాడి చేతిలో కొంత పనితనం ఉంటుందే తప్ప ఆ సర్టిఫికెట్ ఉండదు.

మానేయాలన్న ఆలోచనను బద్ధకంగా కొట్టిపారేయడం అన్యాయం. తల్లి చుట్టే బీడీల కూలితో ఇల్లు గడుస్తూ, తండ్రి గల్ఫ్ ప్రయాణానికి తెచ్చిన అప్పుకు నెలనెలా వడ్డీ పెరుగుతున్నప్పుడు, చేతికి అందివచ్చిన కొడుకు ఇంకో ఏడాది వర్క్‌షాపులో ఆకురాయి పట్టుకొని ఇనుము రుద్దుతూ కూర్చోవడం ఆ ఇంటికి నిజంగానే భారమవుతుంది.

అయితే మానేసి చేరే పని ఎటువంటిదో చూడకుండా ఈ లెక్క తేలదు. సిరిసిల్లలో సాంచాలుగా పిలిచే మరమగ్గాల మీద పనికి సర్టిఫికెట్ అడిగేవారు లేరు. తెగిన పోగును వెతికి ముడివేయడం, నాడెలో కండె అయిపోగానే మరొకటి పెట్టడం, ఒకేసారి నాలుగైదు సాంచాల చప్పుడులో ఏది ఆగిందో చెవితోనే పసిగట్టడం పక్కవాడిని చూసి నేర్చుకునే విద్యలే. కూలి మాత్రం నేసిన బట్టను బట్టి వస్తుంది, నేత ఆర్డరును బట్టి సాగుతుంది. 2017లో రాష్ట్ర ప్రభుత్వం బతుకమ్మ పండుగకు పంచే చీరల నేతను ఇక్కడికి అప్పగించిన తరువాత చేతినిండా పని దొరికిన కాలమూ ఉంది, ఆర్డర్లు ఆగి సాంచాలు మూతపడిన కాలమూ ఉంది. పదిహేడేళ్ల కుర్రవాడికి మొదటి నెల కూలి పెద్దదిగానే కనిపిస్తుంది గానీ, సాంచా ఆగిన నెలలో అతను చూపించుకోగల మరో అర్హత ఏమిటన్నది ఇంట్లో ముందే అడగవలసిన ప్రశ్న.

గల్ఫ్ దారిలో ఈ తేడా మరింత స్పష్టంగా తెలుస్తుంది. వీసా మీద హెల్పర్ అని ఉన్నవాడికీ ఎలక్ట్రీషియన్ అని ఉన్నవాడికీ జీతం మొదలుకొని అన్నీ వేరు. సౌదీ అరేబియా అయితే ఎలక్ట్రీషియన్, ప్లంబర్, వెల్డర్ వంటి పనులకు వెళ్లేవారి నైపుణ్యాన్ని భారతదేశంలోనే పరీక్షించే పద్ధతిని తెచ్చింది. 1983 నాటి వలసల చట్టం కింద రిజిస్టరైన ఏజెంటు సేవా రుసుముగా 30,000 రూపాయలకు, దానిపై జీఎస్టీకి మించి తీసుకోకూడదు. అక్కడికి వెళ్లాక పని తానే వెతుక్కోవలసిన ఆజాద్ వీసా పేరిట అంతకు ఎన్నో రెట్లు అప్పుచేసి హెల్పరుగా వెళ్లడంకన్నా, చదువు పూర్తిచేసి ట్రేడ్ పేరుతో కంపెనీ వీసా మీద వెళ్లడం ఎంతో మేలు. ఊరు విడవదలచుకోనివారికి కూడా రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్, విద్యుత్ పంపిణీ సంస్థలో జూనియర్ లైన్‌మన్ వంటి ఉద్యోగాల దరఖాస్తుకు ఈ సర్టిఫికెట్ దారి తెరుస్తుంది.

కాబట్టి పరీక్షకు ఏడాదిలోపే గడువున్నవారు అప్పోసప్పో చేసైనా పూర్తిచేయడమే సరైన నిర్ణయం. పూర్తయ్యాక 1961 అప్రెంటిస్ చట్టం కింద పనిచేస్తూ, స్టైపెండు తీసుకుంటూ నేర్చుకునే వీలు ఎలాగూ ఉంటుంది. చేరి కొద్ది నెలలే అయి, యంత్రాలూ బోధకులూ సరిగా లేని చోట చిక్కుకున్నవారి సంగతి వేరు. నిజమైన మేస్త్రీ దగ్గర పని దొరికితే వారు మానేయడంలో తప్పు లేదు, కానీ పదునెనిమిదేళ్లు నిండనివారిని ప్రమాదకరమైన పనుల్లో పెట్టడాన్ని 2016 బాలకార్మిక చట్ట సవరణ నిషేధించిందని కన్నవారు గుర్తుంచుకోవాలి.

అలా మానేసినవారికీ సర్టిఫికెట్ దారి పూర్తిగా మూసుకుపోదు. అదే ట్రేడులో కనీసం మూడేళ్లు పనిచేసినవారు ప్రైవేటు అభ్యర్థిగా అఖిల భారత ట్రేడ్ పరీక్ష రాయవచ్చు. చిక్కల్లా ఆ మూడేళ్లకు రుజువు చూపడంలోనే ఉంది. చిన్న వెల్డింగు దుకాణాల్లో, మోటారు వైండింగు షాపుల్లో హాజరు పుస్తకం, జీతం చీటీ ఉండడం అరుదు కనుక, పనిలో చేరిన నాడే యజమానితో తేదీ వేసిన కాగితం ఒకటి రాయించుకోవడం, ఐటీఐలో ఇచ్చిన అసలు మెమోలను, టీసీని అడిగి వెనక్కి తీసుకోవడం తల్లిదండ్రులు దగ్గరుండి చేయించవలసిన పనులు.