సముద్రం వైపు నుంచి చూస్తేనే విశాఖ

ఫిల్మ్‌నగర్‌లో సినిమాకు కావలసినవన్నీ ఉన్నాయి, సముద్రం తప్ప. నల్లటి కొండరాళ్ల మధ్య స్టూడియోలు, డబ్బింగ్ థియేటర్లు, ఎడిటింగ్ గదులు, ఎత్తున దైవసన్నిధానం గుడి. కథలో ఒక్క అల కావలసి వచ్చినా యూనిట్ మొత్తం మూటాముల్లె సర్దుకుని కోస్తాకు బయల్దేరాల్సిందే. అలాంటి చోట పుట్టిన ‘ఘాజీ’ తెలుగు ప్రేక్షకుణ్ని దాదాపు సినిమా అంతా నీళ్ల కిందే కూర్చోబెట్టింది. సంకల్ప్ రెడ్డికి దర్శకుడిగా అదే మొదటి సినిమా. జలాంతర్గామి లోపలి గదుల్ని హైదరాబాద్‌లో సెట్ వేసి, రానా, కేకే మీనన్, అతుల్ కులకర్ణిలను ఆ ఇరుకులో నిలబెట్టి తీశారు. 2017 ఫిబ్రవరి 17న విడుదలైంది, ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ పురస్కారం అందుకుంది. ఎస్-21 అనే మన జలాంతర్గామికీ, పాకిస్తాన్ ఘాజీకీ మధ్య జరిగిన పోరు సినిమా కల్పించుకున్నది. ఘాజీ వచ్చింది మాత్రం నిజం. విశాఖ ముంగిట్లోనే మునిగింది, ఇప్పటికీ అక్కడే ఉంది.

ఆ చోటును, దాని చుట్టూ ఉన్న రెండు వేల ఏళ్ల నౌకా చరిత్రను చూడాలంటే బీచ్ రోడ్డు మీద నిలబడితే చాలదు. నీళ్ల మీదికి వెళ్లి వెనక్కి తిరిగి చూడాలి. ఎందుకంటే ఈ తీరంలో పాతకాలపు కట్టడాల్లో చాలా వాటికి మొదటి చూపరి సముద్రం మీద వచ్చేవాడే. లైట్‌హౌస్, కొండకొమ్మున గుడి, చర్చి, దర్గా, డచ్చివాళ్ల గిడ్డంగి, ఇవన్నీ ఓడ మీంచి కనిపించాలని కట్టినవో, కనిపించడం వల్ల పేరొచ్చినవో. ఫ్రాన్స్‌లో నార్మండీ తీరం వెంట, స్కాట్లాండ్ దీవుల చుట్టూ చిన్న నౌకలు చరిత్రకారుల్ని వెంటబెట్టుకుని పాత యుద్ధభూములు చూపిస్తూ తిరుగుతాయి. విశాఖ రేవు నుంచి భీమిలి దాకా ఉన్న ముప్పై కిలోమీటర్ల లోపు తీరానికి అలాంటి ప్రయాణానికి కావలసిన సరంజామా అంతా ఉంది.

మొదలు రేవు ముఖద్వారం దగ్గరే. దక్షిణాన సముద్రంలోకి మూతి చాచినట్టుండే యారాడ కొండ, అదే డాల్ఫిన్స్ నోస్. దాని మీద 1957 నాటి లైట్‌హౌస్. కొండ పక్క నుంచి లోపలికి వెళ్లే సన్నటి కాలువలో ఓడలు ఎంత నింపాదిగా సాగిపోతాయో చూస్తే, ఒకప్పుడు ఇక్కడ ఉప్పుటేరు, బురద తప్ప ఏమీ లేవంటే నమ్మబుద్ధి కాదు. కలకత్తాకూ మద్రాసుకూ నడుమ గాలివానకు తలదాచుకునే రేవు ఒక్కటీ లేదని, మధ్య భారతంలోని మాంగనీసు ఖనిజానికి దగ్గరి దారి కావాలని, బెంగాల్ నాగపూర్ రైల్వే ఆధ్వర్యంలో ఈ బురదను తవ్వారు. తవ్వినకొద్దీ అలలు ఇసుకను తెచ్చి కాలువ నోట్లో పోస్తుంటే, ఇంజినీర్లు ఒక విచిత్రమైన ఉపాయం పన్నారు. ‘జానస్’, ‘వెల్లెడ్సన్’ అనే రెండు పాత ఓడల్ని తెచ్చి, కొండ పాదం దగ్గర కావాలనే ముంచేశారు. ఆ రెండూ అలలకు అడ్డుకట్టగా నిలిచాయి. అంటే మన రేవు కాపలాకు మొదట నిలబడ్డవి మునిగిన ఓడలే. 1933 అక్టోబరు 7న సింధియా కంపెనీ ఓడ ‘జలదుర్గ’ మొదటిసారి లోపలికి వచ్చింది. ఆ డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్డన్ లాంఛనంగా ప్రారంభించారు.

కాలువకు ఉత్తరాన మూడు కొండలు వరసగా కనిపిస్తాయి. ఒకదాని మీద వేంకటేశ్వరస్వామి గుడి, ఒకదాని మీద ఇసాక్ మదీనా దర్గా, ఒకదాని మీద మేరీమాత చర్చి. ఊళ్లో నుంచి వెళ్తే మూడింటికీ మూడు దారులు, మూడు రకాల సందులు. సముద్రం మీంచి చూస్తే మూడూ ఒకే చూపులో అందుతాయి. రేవులోకి వచ్చే ఓడలు దర్గాకు ఎదురుగా జెండా దించి ఎత్తి వందనం చేసేవని పాతవాళ్లు చెబుతారు. వేటకెళ్లిన మత్స్యకారులు ఈ కొండల వరస చూసే తామెంత దూరంలో ఉన్నదీ, ఎటు తిరిగితే ఇల్లు చేరేదీ లెక్కగట్టుకునేవారు. జీపీఎస్ పెట్టెలు వచ్చినా, తెల్లారి మరపడవలు ఫిషింగ్ హార్బర్‌కు తిరిగొచ్చేటప్పుడు ముందు కనబడేది యారాడ కొండే.

లోపలి రేవులో సింధియా అన్న పేరు ఇంకా బతికే ఉంది. అక్కడి పేటకూ, బస్టాపుకూ అదే పేరు. 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాద్ ఇక్కడ నౌకా నిర్మాణ కేంద్రానికి శంకుస్థాపన చేశారు. 1948 మార్చి 14న ‘జల ఉష’ను నెహ్రూ నీళ్లలోకి వదిలారు. స్వతంత్ర భారతంలో జలప్రవేశం చేసిన మొదటి పెద్ద ఆధునిక ఓడ అది. ఆ కేంద్రమే తర్వాత హిందుస్థాన్ షిప్‌యార్డ్ అయింది. తూర్పు నౌకాదళ కమాండ్ 1968లో ఇక్కడ ఏర్పడింది. అణు జలాంతర్గామి ‘అరిహంత్’ 2009 జులై 26న ఈ ఊళ్లోనే నీళ్లు తాకింది. వీటిలో చాలా భాగం సామాన్యులు చూడకూడనిది, ఫొటో తీయకూడనిది. చూడనిచ్చినంతలోనే తృప్తిపడాలి.

రేవు దాటి బయటికొస్తే కనిపించే నీలం మైదానం మీదే 1804 సెప్టెంబరు 15న ఒక యుద్ధం జరిగింది. విశాఖవాసుల్లోనే చాలామందికి ఆ సంగతి తెలియదు. నెపోలియన్ కాలం. ఫ్రెంచి అడ్మిరల్ లినోయ్ మూడు యుద్ధనౌకలతో బంగాళాఖాతంలో ఇంగ్లీషు వ్యాపార ఓడల్ని వేటాడుతూ విశాఖ ముందుకు వచ్చాడు. లంగరు వేసి ఉన్నది ‘సెంచూరియన్’ అనే ఒక్క బ్రిటిష్ యుద్ధనౌక, పక్కన సరుకెత్తుకుంటున్న రెండు వ్యాపార ఓడలు. సెంచూరియన్ కెప్టెన్ ఆ సమయంలో ఒడ్డున ఉన్నాడు. మొదట లెఫ్టినెంట్ ఫిలిప్స్ ఓడను నడిపించి ఫిరంగులు పేల్పించాడు. ‘బార్నబీ’ అనే వ్యాపార ఓడ ఒడ్డుకు కొట్టుకొచ్చి బద్దలైంది, ‘ప్రిన్సెస్ షార్లెట్’ను ఫ్రెంచివాళ్లు పట్టుకుపోయారు, సెంచూరియన్ మాత్రం నిలదొక్కుకుంది. కోట వీధి, సోల్జర్‌పేట అన్న పేర్లు ఆ కంపెనీ కాలపు గుర్తులే. ఇంత నాటకీయమైన ఘట్టం మీద ఫిల్మ్‌నగర్ కన్ను ఇంకా పడకపోవడమే ఆశ్చర్యం.

1942 ఏప్రిల్ 6న ఆపద ఆకాశం నుంచి వచ్చింది. ‘ర్యూజో’ అనే జపాన్ విమానవాహక నౌక నుంచి లేచిన విమానాలు విశాఖ మీదా, కాకినాడ మీదా బాంబులు వేశాయి. జనం పిల్లాజెల్లాతో పల్లెలకు తరలిపోయారు. ఉత్తరాంధ్ర ఇళ్లలో ‘బాంబులు పడ్డ ఏడు’ అని వయసులు లెక్కపెట్టుకున్న తరం ఒకటుండేది.

ఇక ఘాజీ. అది అమెరికాలో ‘డయాబ్లో’ పేరుతో పుట్టిన జలాంతర్గామి. 1945లో అమెరికా నౌకాదళంలో చేరింది, 1960లలో పాకిస్తాన్ చేతికొచ్చింది. పొడవు 95 మీటర్లు. 1971 నవంబరు 14న కరాచీ వదిలి, ఉపఖండం చుట్టూ తిరిగి బంగాళాఖాతంలోకి వచ్చింది. వెతుకుతున్నది మన విమానవాహక నౌక విక్రాంత్‌ని. విక్రాంత్ అప్పటికే అండమాన్ దీవుల వైపు చాటుకు చేరింది. అది విశాఖ దగ్గరే ఉందని శత్రువును నమ్మించే పని తూర్పు నౌకాదళాధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్ తలకెత్తుకున్నారు. పాత డిస్ట్రాయర్ ‘రాజ్‌పుత్’ సముద్రంలోకి వెళ్లి విక్రాంత్ పేర వైర్‌లెస్ సందేశాలు పంపింది. రేవులో పెద్ద దండు దిగినట్టు కనబడేలా కంట్రాక్టర్లకు మాంసం, కూరగాయల ఆర్డర్లు భారీగా వెళ్లాయని కృష్ణన్ స్వయంగా రాసుకున్నారు. ఒక మహాయుద్ధ వ్యూహంలో విశాఖ బజారు కూరగాయల గంపలు కూడా పాత్రధారులయ్యాయన్న మాట.

డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక, రేవు బయట పెద్ద పేలుడు. ఘాజీలోని 93 మందిలో ఒక్కరూ మిగల్లేదు. తెల్లారాక తేలివచ్చిన వస్తువుల్ని మత్స్యకారులు తెచ్చి అప్పగించారు. రాజ్‌పుత్ వదిలిన డెప్త్ చార్జీలే ముంచాయని మన నౌకాదళం, ఘాజీ తాను పరిచిన మైనే పేలిందని పాకిస్తాన్ అంటాయి. ఆ వాదన యాభై ఏళ్లు దాటినా తెగలేదు. శిథిలాన్ని నౌకాదళపు లోతు రక్షణ వాహనం గుర్తించిందని, మృతుల మీద గౌరవంతో దాన్ని తాకలేదని 2024లో వార్తలొచ్చాయి. శత్రువైనా సముద్రంలో పోయినవాణ్ని కదిలించకూడదన్న ఆ మర్యాద నాకు గొప్పగా అనిపించింది. ఆ రాత్రి గుర్తుగా, పాకిస్తాన్‌తో జరిగిన ఆ యుద్ధంలో గెలిచిన గుర్తుగా, 1996లో బీచ్ రోడ్డు మీద ‘విక్టరీ ఎట్ సీ’ స్మారకం వెలిసింది.

దానికి కాస్త దూరంలోనే ఇసుక మీద పడుకుని ఉంది కురుసుర. మన నౌకాదళపు సంఖ్య ఎస్-20. సినిమాలో వాడిన ఎస్-21 దీని అక్కచెల్లెలు ‘కరంజ్’ అసలు నంబరు. 1969 డిసెంబరు 18న, అప్పటి సోవియట్ రేవు రీగాలో సేవలో చేరి, 1971 యుద్ధంలో అరేబియా సముద్రంలో గస్తీ తిరిగి, 31 ఏళ్లలో 73,500 నాటికల్ మైళ్లు ఈది, 2001 ఫిబ్రవరి 27న విరమణ పొందింది. మరుసటేడు దాన్ని లాక్కొచ్చి ఒడ్డుకెక్కించారు. 2002 ఆగస్టు నుంచి మ్యూజియం. పొడవు 91.3 మీటర్లు, ఘాజీ కన్నా దాదాపు నాలుగు మీటర్లు తక్కువ. అందుకే ఘాజీలో బతుకు ఎలా ఉండేదో ఊహించాలంటే దీని లోపలికి వెళ్లాలి.

బయటి నుంచి చూస్తే తిమింగలమంత. లోపల అడుగుపెడితే రైలు పెట్టెకన్నా ఇరుకు. ముందు టార్పెడో గది, ఆరు గొట్టాల మూతులు గుండ్రంగా మనవైపే చూస్తుంటాయి. వెనక గదిలో మరో నాలుగు. ఒక గది నుంచి మరో గదికి వెళ్లడానికి నడుమెత్తున గుండ్రటి రంధ్రం. ముందు కాలు పెట్టి, తల వంచి, ఒళ్లు ముడుచుకుని దూరాలి. నీళ్లు ఒక గదిలో చొరబడితే ఆ మూత బిగించి మిగతా గదుల్ని కాపాడుకోవాలి, బిగించినవాడు ఏ వైపున ఉన్నా సరే. గోడలంతా చక్రాలు, గడియారాలు, కుళాయిలు, రష్యన్ అక్షరాలు. సొరుగుల్లాంటి పడకలు ఒకదాని మీద ఒకటి. డెబ్బై అయిదు మంది దాకా మనుషులు వారాల తరబడి ఇక్కడే తిని, ఇక్కడే నిద్రపోయి, స్నానానికి సరిపడా మంచినీళ్లు లేకుండా బతికారు. దారి చూపించేవాళ్లు విశ్రాంత నౌకాదళ సిబ్బంది. పెరిస్కోపు దగ్గర ఆగి ఒక ప్రశ్న వేయండి, పుస్తకాల్లో లేని జవాబులు వస్తాయి. సంకల్ప్ రెడ్డికి ఘాజీ ఆలోచన ఇక్కడి సందర్శనతోనే మొదలైందని చెప్పుకున్నారు. రోడ్డు అవతల నిలబెట్టిన టీయూ-142 విమానం కూడా ఇదే కథలో భాగం. జలాంతర్గాముల్ని ఆకాశం నుంచి వెతకడమే దాని పని. 29 ఏళ్లలో 30,000 గంటలు ప్రమాదం లేకుండా ఎగిరింది.

ఉత్తరానికి సాగితే తీరం మెత్తబడుతుంది. తెన్నేటి పార్కు రాళ్ల మీదికి 2020 అక్టోబరు వాయుగుండంలో ‘ఎంవీ మా’ అనే బంగ్లాదేశ్ సరుకు ఓడ కొట్టుకొచ్చి ఇరుక్కుంటే ఊరు ఊరంతా చూడ్డానికి వెళ్లింది. రుషికొండ దాటాక ఒక కొండ మీద రామానాయుడు స్టూడియో. ఫిల్మ్‌నగర్ రాళ్ల మీద స్టూడియో కట్టిన మనిషే సముద్రం ఎదుట ఇంకోటి కట్టారు. ఆ పైన తొట్లకొండ. నౌకాదళ స్థావరం కోసం 1976లో విమానం మీంచి సర్వే చేస్తుంటే ఈ కొండ మీద బౌద్ధ విహారం శిథిలాలు బయటపడ్డాయి. రాతిలో తొలిచిన తొట్లు, స్తూపం, శాతవాహనుల నాణేలతోపాటు రోమన్ నాణేలు కూడా దొరికాయి. రోము నుంచి కదిలిన వెండి ఈ కొండకు చేరాలంటే ఓడలే కదా తెచ్చింది! రెండు వేల ఏళ్ల కిందటి భిక్షువులకు ఓడల రాకపోకల మీద కూడా ఒక కన్ను ఉండేదనుకుంటాను.

భీమిలిలో గోస్తనీ నది సముద్రంలో కలిసేచోట డచ్చివాళ్లు పదిహేడో శతాబ్దంలో దిగారు. బట్టల వ్యాపారం కోసం వచ్చారు, చాలామంది తిరిగి వెళ్లలేదు. వాళ్ల సమాధుల్లో అతి పాతది 1661 నాటిది. పిరమిడ్లలాగా, గోపురాల్లాగా లేచిన ఆ రాళ్ల మీద చెక్కిన అక్షరాలను ఉప్పుగాలి మూడున్నర శతాబ్దాలుగా నాకుతోంది. 1825లో భీమిలి ఇంగ్లీషువాళ్ల చేతికి పోయింది. 1861లో పురపాలక సంఘమైన ఊరు, ఇప్పటికీ పల్లె నిమ్మళంతోనే ఉంటుంది. ‘మరోచరిత్ర’ సినిమా ఇక్కడి ఇసుక మీద తీసిందే. ఇంకా తెగించి దక్షిణానికి పోగలిగితే కోరంగి, బందరు, గణపతిదేవుడు 1244లో విదేశీ వర్తకులకు అభయశాసనం వేయించిన మోటుపల్లి ఉన్నాయి. వాటికి వేరే ఆదివారం కావాలి.

విశాఖ పోర్టులో క్రూజ్ టెర్మినల్ 2023 సెప్టెంబరులో ప్రారంభమైంది. దూరదేశాల ఓడలు దానికి వస్తున్నాయి. ఈ తీరాన్నే చూపిస్తూ భీమిలి దాకా రోజూ తిరిగే చిన్న నౌక కోసం మాత్రం ఎదురుచూపే. యాభై మంది పట్టే ఓడా, కథ చెప్పే ఒక విశ్రాంత నావికుడూ ఉంటే చాలు. అందాకా రుషికొండ దగ్గర బోటు షికారు ఉంది, సముద్రం సద్దుమణిగే డిసెంబరు నుంచి మార్చి వరకు బాగుంటుంది. కురుసురకు సోమవారం సెలవు, మిగతా రోజుల్లో మధ్యాహ్నం నుంచి రాత్రి వరకు తెరిచి ఉంటుంది, టికెట్ ఉంది. తొట్లకొండ, భీమిలికి బీచ్ రోడ్డు వెంట వెళ్లే 900కె సిటీ బస్సులో ఎడమ కిటికీ కన్నా కుడి కిటికీ మేలు, సముద్రం అటువైపే. హైదరాబాద్ నుంచి గోదావరి ఎక్స్‌ప్రెస్ సాయంత్రం ఎక్కితే తెల్లారేసరికి విశాఖ. డిసెంబరు 4 నాటికి వెళ్లగలిగితే నౌకాదళ దినోత్సవ విన్యాసాలు ఎక్కడ, ఏ రోజున జరుగుతున్నదీ ముందే కనుక్కోండి. ఆర్‌కే బీచ్‌లో జరిగిన ఏడాది జనం మధ్యాహ్నం నుంచే చోటు పట్టుకుంటారు.