ఝరాసంగం కర్మాగారములకు జలవిద్యుత్తు చాలునా?

సంగారెడ్డి జిల్లాలోని ఝరాసంగం కేతకీ సంగమేశ్వరాలయము వలన ప్రసిద్ధికెక్కిన గ్రామము. ఝర మనగా సెలయేరు. పేరులోనే నీరున్న ఈ ప్రాంతమున నేడు నీటిని గురించియు, విద్యుత్తును గురించియు ఒక ప్రశ్న బయలుదేరినది. ఝరాసంగం, న్యాల్‌కల్ మండలముల గ్రామములలో సుమారు 12,600 ఎకరముల విస్తీర్ణము గల జాతీయ పెట్టుబడుల, ఉత్పత్తుల మండలమునకు (దీనినే 'నిమ్జ్' అందురు) కేంద్ర ప్రభుత్వము 2016లో తుది అనుమతి నొసగినది. అందు మొదటి భాగమైన 3,245 ఎకరములను జహీరాబాదు పారిశ్రామిక నగరముగా తీర్చిదిద్దుటకు 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గము ఆమోదము తెలిపినది. యంత్రములు, వాహనములు, విద్యుత్ పరికరములు, లోహపు వస్తువులు ఇచ్చట తయారు కావలెనని ఉద్దేశము. వీటికి కావలసిన విద్యుత్తును నీటినుండి పొందవచ్చునా? మంజీర దాపుననే ప్రవహించుచున్నది గదా యని పలువురకు తోచును. దీనికి సమాధానమును ఊహలో గాక లెక్కలో వెదకవలెను.

విద్యుత్తును మ్రింగు పరిశ్రమలు

కర్మాగారము లన్నియు ఒకే తీరున విద్యుత్తును వాడవు. పిండిమరలోను, నేతమిల్లులోను విద్యుత్తు చేయు పని యంత్రమును త్రిప్పుటయే. మరికొన్ని పరిశ్రమలలో విద్యుత్తు ముడిసరకు వంటిది. అల్యూమినియమునే తీసికొనుడు. ఈ లోహము ఆక్సిజనుతో గట్టిగా పెనవేసికొని ఖనిజములో నుండును. ఆ బంధమును తెంచుటకు కరగిన ద్రవములో విద్యుత్ప్రవాహమును పంపవలెను. ఒక కిలోగ్రాము అల్యూమినియమునకు సుమారు 14 యూనిట్లు ఖర్చగును. టన్నుకు 14,000 యూనిట్లు. నెలకు 100 యూనిట్లు వాడు సామాన్య కుటుంబమునకు ఇది పదునొకండు సంవత్సరములకు పైగా సరిపోవును. పాత ఇనుమును విద్యుత్ కొలిమిలో కరగించి ఉక్కు చేయుటకు టన్నుకు సుమారు 500 యూనిట్లు చాలును.

ఇట్టి పరిశ్రమలకు మరియొక ఇబ్బంది కలదు. వీటికి రాత్రింబవళ్ళు ఎడతెగక విద్యుత్తు అందవలెను. కొన్ని గంటలపాటు సరఫరా ఆగిపోయినచో అల్యూమినియపు తొట్లలోని ద్రవము గడ్డకట్టి తొట్లే పాడగును.

జలపాతముల చెంతకు వెళ్ళిన పరిశ్రమలు

అందువలననే పూర్వము ఇట్టి పరిశ్రమలు నీరు ఎత్తునుండి పడుచోటును వెదకుకొని వెళ్ళినవి. అమెరికాలో నయాగరా జలపాతము వద్ద 1895లో పెద్ద విద్యుత్కేంద్రము పనిచేయ నారంభింపగా, దాని మొదటి ఖాతాదారులలో అల్యూమినియపు పరిశ్రమ ఒకటి. మన దేశమున కావేరీ నదిపై శివనసముద్రమున 1902లో ఉత్పత్తియైన విద్యుత్తు సుమారు 147 కిలోమీటర్ల దూరము తీగలపై ప్రయాణించి, తెలుగు కుటుంబము లనేకము నివసించు కోలారు ప్రాంతపు బంగారు గనులకు చేరినది. ఒడిశాలో హీరాకుడ్ జలవిద్యుత్తు నాధారము చేసికొని 1959లో అల్యూమినియపు కర్మాగారము వెలసినది. ఝరాసంగం విషయమున క్రమము తలక్రిందైనది. ఇచ్చట భూమి, రహదారి, విపణి చూచి స్థలము నెన్నుకొనిరి. విద్యుత్తును తరువాత తెచ్చుకొనవలసియున్నది.

నీటిలోని శక్తి యెంత?

నీటి శక్తి రెండింటిపై ఆధారపడియుండును: ఎంత నీరు పడుచున్నది, ఎంత ఎత్తునుండి పడుచున్నది. సెకనుకు ఒక ఘనమీటరు నీరు ఒక మీటరు ఎత్తునుండి పడినచో 9.81 కిలోవాట్ల శక్తి లభించును. ఇందు పదింట తొమ్మిది వంతులు టర్బైను, జనరేటరు విద్యుత్తుగా మార్చగలవు. మిగిలినది రాపిడి వలనను, వేడి వలనను నష్టమగును.

ఈ లెక్కను జలాశయమునకు వర్తింపజేసి చూడవచ్చును. ఒక టి.ఎం.సి. అనగా నూరు కోట్ల ఘనపుటడుగుల నీరు. ఇది సుమారు 2 కోట్ల 83 లక్షల ఘనమీటర్లు. ఇంత నీరు 100 మీటర్ల ఎత్తునుండి దిగినచో దాదాపు 69 లక్షల యూనిట్లు వచ్చును. 20 మీటర్లే దిగినచో 14 లక్షలు మాత్రమే. నీరు అదియే, ఎత్తు తగ్గిన కొలది శక్తియు తగ్గినది.

ఇప్పుడు 100 మెగావాట్లను ఎడతెగక వాడు కర్మాగారముల సముదాయమును ఊహింపుడు. దానికి రోజుకు 24 లక్షల యూనిట్లు కావలెను. 20 మీటర్ల ఎత్తున అందుకు దినమునకు 1.7 టి.ఎం.సి. నీరు వదలవలెను. మంజీరపై నున్న సింగూరు జలాశయములో నిండుగా పట్టునది సుమారు 30 టి.ఎం.సి.లు. ఆ లెక్కన జలాశయమంతయు పదునెనిమిది దినములైన రాదు! సింగూరు విద్యుత్కేంద్రములో నున్నవి 7.5 మెగావాట్ల యంత్రములు రెండు మాత్రమే. దిగువనున్న నిజాంసాగరు కేంద్రము 10 మెగావాట్లది. మంజీర మెట్టపీఠభూమిపై మెల్లగా సాగు నది. ఎత్తునుండి దుముకు నది కాదు.

అంతేగాక ఆ నీటికి హక్కుదారులు వేరుగా కలరు. సింగూరు నీటిపై హైదరాబాదు నగరపు త్రాగునీరును, రైతుల పొలములును ఆధారపడియున్నవి. టర్బైను నీటిని తినివేయదు, నిజమే. కాని యంత్రము కొరకు వేళగాని వేళ వదలిన నీరు పైరునకు కావలసిన వేళ జలాశయమున నుండదు. కర్మాగారములకు భూములిచ్చిన పల్లెల ప్రక్కనే చెరకు, జొన్న, కంది పండించు రైతులున్నారని మరువరాదు.

చెరువు వంటి విద్యుజ్జాలము

మరి జలవిద్యుత్తు ఈ ప్రాంతమునకు పనికిరాదా? అట్లనుటయు పొరపాటే. నేడు విద్యుత్కేంద్రము లన్నియు తీగలతో ఒకే జాలముగా కలుపబడియున్నవి. దీనిని చెరువుతో పోల్చవచ్చును. నాలుగు వాగులు చెరువులో కలియును. తూము వద్ద నిలిచిన రైతు తన మడికి వచ్చిన నీరు ఏ వాగుదో చెప్పలేడు. అట్లే శ్రీశైలపు నీరు, రామగుండము బొగ్గు, పొలములలోని సౌరఫలకములు ఇచ్చు విద్యుత్తు ఒకే జాలములో చేరి ఝరాసంగమునకు వచ్చును. దూరము పంపునపుడు వోల్టేజిని 220 లేక 400 కిలోవోల్టులకు పెంచుదురు. వోల్టేజి పెరిగిన కొలది అదే శక్తికి తక్కువ ప్రవాహము చాలును. తీగలలో వేడి రూపమున జరుగు నష్టము ప్రవాహపు వర్గమును బట్టి యుండుటచే, ప్రవాహము సగమైన నష్టము నాలుగవ వంతగును.

తెలంగాణ జెన్‌కో జలవిద్యుత్కేంద్రముల మొత్తము సామర్థ్యము సుమారు 2,440 మెగావాట్లు. ఇందు శ్రీశైలము ఎడమగట్టు కేంద్రము 900, నాగార్జునసాగరు ప్రధాన కేంద్రము 815.6, దిగువ జూరాల 240, జూరాల 234 మెగావాట్లు. కాని సామర్థ్యము వేరు, ఉత్పత్తి వేరు. కృష్ణలో నీరు ముఖ్యముగా వానకాలమున వచ్చును. 2015, 2023 వంటి లోటు సంవత్సరములలో యంత్రము లుండియు నీరు చాలలేదు. ఒకే కేంద్రమును నమ్ముకొనుటలో వేరొక ప్రమాదము కూడ కలదు. 2020 ఆగస్టు 20వ తేదీ రాత్రి శ్రీశైలము ఎడమగట్టు భూగర్భ కేంద్రమున అగ్నిప్రమాదము సంభవించి తొమ్మండుగురు మరణించిరి, ఉత్పత్తి నిలిచిపోయినది.

నీటి అసలు బలము

జలవిద్యుత్తు అసలు బలము పరిమాణములో లేదు, చురుకుదనములో నున్నది. చల్లబడిన బొగ్గు బాయిలరు తిరిగి పనిలోనికి వచ్చుటకు గంటలు పట్టును. నీటి టర్బైను కొద్ది నిమిషములలో పూర్తి వేగము నందుకొనును. సాయంకాలము సూర్యుడు అస్తమింపగనే సౌరవిద్యుత్తు తగ్గును; అదే సమయమున ఇండ్లలో దీపములు వెలుగును. ఆ లోటును పూడ్చగలది నీరే.

శ్రీశైలము ఎడమగట్టున నున్న 150 మెగావాట్ల యంత్రములు ఆరును, నాగార్జునసాగరులోని 100.8 మెగావాట్ల యంత్రములు ఏడును రెండు వైపుల తిరుగగలవు. విద్యుత్తు మిగిలిన వేళ అవి పంపులై దిగువ నీటిని ఎగువకు తోడును. అవసరమైన వేళ ఆ నీటినే దించి విద్యుత్తు నిచ్చును. తోడుటకు 100 యూనిట్లు ఖర్చైనచో తిరిగి వచ్చునవి 75 నుండి 80 మాత్రమే. అయినను మధ్యాహ్నము మిగిలిన సౌరవిద్యుత్తును రాత్రికి దాచుకొనుటకు ఇది గాదె వంటిది. అదే నీరు పైకి, క్రిందికి తిరుగుచుండుటచే కొత్త వరదకై ఎదురుచూడ నక్కరలేదు.

కావున ఝరాసంగం కర్మాగారములను కేవలము నీటితో నడుపుట సాధ్యము కాదు. నీటి తోడు లేక నడుపుటయు సుకరము కాదు. ఎడతెగని భారమును ఇతర కేంద్రములు మోయవలెను. హెచ్చుతగ్గులను నీరు సర్దవలెను. ఎన్ని మెగావాట్లు మ్రింగు పరిశ్రమలను అనుమతింపవలెనో ముందే లెక్కించుట ఇందుకే అవసరము.

విద్యార్థులు తమ ఊరి చెరువుతోనే ఈ లెక్క చేసి చూడవచ్చును. చెరువులోని నీటిని ఘనమీటర్లలోను, కట్ట ఎత్తును మీటర్లలోను అంచనా వేసి, ఆ రెండింటిని హెచ్చించి, 400తో భాగించినచో వచ్చు యూనిట్ల సంఖ్య తెలియును. కట్ట ఎత్తు నంతను తీసికొనినను వచ్చు సంఖ్య స్వల్పముగనే యుండును. ఆ నీరే పొలమున పారి పండించు పంటతో దానిని పోల్చినపుడు, నీటిని ఎచ్చట దేనికి వాడవలెనో వారికే బోధపడును.